ధ్యానం చేస్తే మాత్రలు మానేయవచ్చా?



వర్షాకాలం మొదట్లో ఒక టీచరమ్మను వాళ్ళాయన, అత్తగారు కలిసి మా ఓ.పి.కి తీసుకొచ్చారు. ఆమె మాకు కొత్త మనిషి కాదు. గత తొమ్మిదేళ్ళలో రెండుసార్లు డిప్రెషన్‌తో మా దగ్గరే చూపించుకున్నది. ఇది మూడోసారి. వారం రోజులుగా స్నానం లేదు. కంచం ముందు పెడితే చెయ్యి కదలడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గోడకేసి చూస్తూ కూర్చుంటోందని పెద్దావిడ చెప్పింది. సంచిలోని చీటీలు తీసి చూస్తే రెండు నెలలుగా మాత్రలు కొన్నట్టు లేదు. ఎవరో ఫోనులో పంపిన ఉపన్యాసం విని, ధ్యానం చేసేవారికి మందులతో పనిలేదని నమ్మి, ఉన్నట్టుండి ఒకే రోజున ఆపేసిందట. ధ్యానం మాత్రం ఆపలేదు. ఇక కూర్చోలేననుకునేంత వరకు రోజూ పొద్దున్నే కూర్చుంది.

ఆమెను వార్డులో చేర్చుకున్నాక ఇద్దరూ మమ్మల్ని వరండాలో ఆపారు. "సిస్టర్ గారూ, అసలు ఈ ధ్యానం మంచిదా, చెడ్డదా?" అని ఆయన అడిగారు. "అది బుద్ధుడి ధ్యానం కదమ్మా, మనవాళ్ళు చెయ్యొచ్చా?" అని పెద్దావిడ అడిగింది. ఆ పూట రెండింటికీ సరైన జవాబు మా దగ్గర లేదు. మంచిదేనని ఒకరం, జాగ్రత్తని ఒకరం, తలో మాట చెప్పి పంపించాము. అది మాకే బాగా అనిపించలేదు. తరువాత మా డాక్టర్లను అడిగి, వారిచ్చిన పరిశోధన పత్రాలను వారి సాయంతోనే కూర్చుని చదివాము. మేము డిప్లొమా చదివిన నర్సులము. లెక్కల భాగం వారు విడమరచి చెబితే గాని మాకు అర్థం కాలేదు. మాకు తెలిసినంత మీకు చెబుతున్నాము.

ముందు అసలు ఆ ధ్యానం ఏమిటో చూద్దాం. చాలామంది దానిని మనసును ఖాళీ చేసుకోవడం అనుకుంటారు. కాదు. బౌద్ధులు చేసే ధ్యానాల్లో పరిశోధకులు ఎక్కువగా తీసుకున్నది ఎరుకతో ఉండే ధ్యానం. పాళీ భాషలో సతి అంటారు. ఊపిరి లోపలికి వస్తోంది, బయటికి పోతోంది, అంతే గమనించడం. మనసు పక్కకు పోతే, పోయిందని తెలుసుకుని మళ్ళీ ఊపిరి దగ్గరికి రావడం. తరువాత ఒంట్లోని నొప్పి, దురద, బరువు, వచ్చే ఆలోచన, వచ్చే దిగులు, వీటిని కూడా అలాగే చూడడం. మా పనితో పోల్చి చెబుతాము. టెంపరేచరు చూసినప్పుడు 102 వచ్చిందని నర్సు థర్మామీటరుతో పోట్లాడదు, ఏడవదు. చార్టులో రాస్తుంది, నాలుగు గంటల తరువాత మళ్ళీ చూస్తుంది. మనసులో వచ్చేదాన్ని అలా చూడడమే ఈ అభ్యాసం. చెప్పినంత తేలిక కాదు. మేము కొందరం డ్యూటీ గదిలో పది నిమిషాలు ప్రయత్నించాము. మూడో నిమిషానికల్లా రాత్రి డ్యూటీ లిస్టు ఎలా సర్దాలా అన్న ఆలోచనలో ఉన్నాము.

ఆసుపత్రిలోకి ఎలా వచ్చింది

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వూస్టర్ అనే పట్టణంలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన ఒక చిన్న క్లినిక్ మొదలుపెట్టారు. ఆయన డాక్టరు కాదు, జీవశాస్త్రంలో పరిశోధన చేసినవారు. బౌద్ధుల దగ్గర ధ్యానం నేర్చుకున్నారు. నడుము నొప్పి, తలనొప్పి వంటివి ఏళ్ళ తరబడి తగ్గక, ఇక మా చేతుల్లో ఏమీ లేదని డాక్టర్లు చెప్పేసినవారిని నా దగ్గరికి పంపండని అడిగారు. ఎనిమిది వారాల కోర్సు. వారానికి ఒకసారి రెండున్నర గంటల క్లాసు, మధ్యలో ఒక రోజంతా మౌనం, ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట అభ్యాసం. మొదటి క్లాసులో ఒక్కొక్కరి చేతిలో ఎండు ద్రాక్ష పెడతారు. దాన్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూసి, వాసన చూసి, మెల్లగా నమిలి తినాలి. మనము భోజనం ఎలా చేస్తామో గుర్తు తెచ్చుకుంటే ఆ పాఠం ఎందుకో తెలుస్తుంది.

1982లో ఆయన 51 మంది నొప్పి రోగుల సంగతి ప్రచురించారు. వారిలో 65 శాతం మందికి నొప్పి కొలత కనీసం మూడో వంతు తగ్గింది. వినడానికి బాగుంది. అయితే పోల్చి చూడడానికి పక్కన ఈ కోర్సు చేయని గుంపు లేదు. రోగి పక్కన ఒకరు కూర్చుని శ్రద్ధగా మాట వింటేనే సగం నొప్పి తగ్గుతుందని ఏ నర్సునడిగినా చెబుతుంది. అందుచేత అది ధ్యానం గొప్పతనమా, పలకరింపు గొప్పతనమా తేల్చడానికి ఇంకా గట్టి పరీక్షలు కావలసి వచ్చాయి.

మన దేశంలో చాలామందికి ఈ ధ్యానం తెలిసింది ఎస్.ఎన్. గోయెంకా గారి విపశ్యన ద్వారా. ఆయన బర్మాలో పుట్టిన వ్యాపారి. తీవ్రమైన మైగ్రేన్‌తో బాధపడి, మార్ఫిన్ ఇంజెక్షన్లదాకా పోయి, 1955లో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్ళారు. తలనొప్పి తగ్గించుకోవడమే నీ ఉద్దేశమైతే చేర్చుకోనని ఆ గురువు మొదట వెనక్కి పంపేశారని గోయెంకా గారే చెప్పుకునేవారు. 1969లో ఆయన భారతదేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. హైదరాబాదులో కూడా ఆ కేంద్రం ఉంది. మనకు తెలిసిన కుటుంబాల నుంచి కూడా అక్కడికి పది రోజుల కోర్సుకు వెళ్ళివచ్చినవారున్నారు.

డిప్రెషన్ తిరగబెట్టడం గూర్చి

మా టీచరమ్మ విషయానికి దగ్గరగా ఉన్న పరిశోధన ఇది. కనుక కొంచెం నిదానంగా చదవండి.

డిప్రెషన్ ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్ళీ వచ్చే ప్రమాదం ఉంటుంది. రెండుసార్లు, మూడుసార్లు వస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. టొరంటోలోని జిండెల్ సీగల్, ఇంగ్లండు, వేల్స్‌లలో పనిచేసిన జాన్ టీస్‌డేల్, మార్క్ విలియమ్స్ అనే ముగ్గురు మానసిక శాస్త్రజ్ఞులు దీనికి కారణం ఆలోచించారు. అందరికీ అప్పుడప్పుడు దిగులు కలుగుతుంది. కానీ ఇదివరకు డిప్రెషన్ అనుభవించినవారికి ఆ కొద్దిపాటి దిగులుతోనే పాత ఆలోచనలన్నీ నిద్రలేస్తాయి. 'నేను పనికిరానిదాన్ని, అందరికీ బరువు' అని గేదె నెమరు వేసినట్టు మనసు అదే నములుతుంది. ఆ నెమరే మనిషిని కిందికి లాగుతుంది. ఆలోచన వచ్చినప్పుడు, ఇది ఒక ఆలోచన మాత్రమే, నా గూర్చిన తీర్పు కాదు అని గమనించడం ముందే నేర్పితే ఆ జారుడు ఆగుతుందేమోనని వారు అనుకున్నారు. కబాట్-జిన్ గారి కోర్సుకు డిప్రెషన్ చికిత్సలోని పద్ధతులు కొన్ని కలిపి ఇంకొక ఎనిమిది వారాల కోర్సు తయారుచేశారు.

2000 సంవత్సరంలో మొదటి ఫలితం వచ్చింది. 145 మందిని చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యం, ఇంకొక భాగానికి దానితోపాటు ఈ కోర్సు. ఏడాది పైన కనిపెట్టి చూశారు. మూడు లేక అంతకన్నా ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవారిలో, మామూలు వైద్యం పొందినవారికి 100కి 66 మందికి తిరగబెట్టింది. కోర్సు చేసినవారిలో అది 40కి కాస్త అటూ ఇటూగా ఉంది. అయితే రెండుసార్లు మాత్రమే వచ్చినవారికి ఏ ఉపయోగమూ కనబడలేదు. దీన్ని చూసి ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యానికి సలహాలిచ్చే నైస్ సంస్థ 2004లో, మూడుసార్లు పైగా వచ్చినవారికి ఈ కోర్సు సూచించవచ్చని చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆ పరీక్షలో చేరినవారు అప్పటికే కోలుకున్నవారు. జబ్బు మధ్యలో ఉన్నవారు కాదు. తినలేక, నిద్రపోలేక, చావు ఆలోచనలతో ఉన్న మనిషిని కళ్ళు మూసుకుని లోపలికి చూడమంటే ఆ నెమరే ఎక్కువవుతుంది. జ్వరం 104 ఉన్నవాణ్ణి వ్యాయామానికి పంపరు కదా.

మరి కోలుకున్నాక మాత్రలు మానవచ్చా? దీనికీ జవాబు వెదికారు. 2015లో ఇంగ్లండులో జరిగిన పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. మూడుసార్లు పైగా డిప్రెషన్ వచ్చి, మాత్రలు వాడుతూ బాగున్న 424 మందిని తీసుకున్నారు. సగం మంది మాత్రలు కొనసాగించారు. సగం మంది ధ్యానం కోర్సు చేస్తూ, తమ డాక్టరు చేతిలోనే ఉండి, మాత్రలు కొద్దికొద్దిగా తగ్గించుకున్నారు. రెండేళ్ళలో కోర్సు చేసినవారిలో 100కి 44 మందికి, మాత్రలు వాడినవారిలో 47 మందికి తిరగబెట్టింది. ధ్యానమే మెరుగని చూపిద్దామని మొదలుపెట్టారు గాని అది రుజువు కాలేదు. ఇంచుమించు సరిసమానంగా నిలిచింది. మరుసటి ఏడు 9 పరీక్షలలోని 1,258 మంది వివరాలు కలిపి చూశారు. 60 వారాలలో కోర్సు చేసినవారిలో 38 శాతం మందికి, చేయనివారిలో 49 శాతం మందికి తిరగబెట్టింది. చిన్న మేలు కాదు, అలాగని అద్భుతమూ కాదు. కోర్సు చేసినవారిలో కూడా మూడో వంతు పైన మళ్ళీ జబ్బుపడ్డారని మరువకూడదు.

ఆ 424 మందిలో ఎవరూ ఫోనులో ఉపన్యాసం విని ఒకే రోజున మాత్రలు పారవేయలేదు. నెలల తరబడి వాడిన డిప్రెషన్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం కలుగుతాయి. మా టీచరమ్మకు మొదటి వారంలోనే అలా అయిందట. ధ్యానం సరిగ్గా కుదరక అలా అవుతోందనుకుని ఇంకొక అరగంట ఎక్కువ కూర్చుంది.

ఆందోళన, భయం ఉన్నవారి విషయంలో 2022లో వచ్చిన ఫలితం ఒకటి చెప్పుకోదగినది. అమెరికాలో మూడు ఆసుపత్రులు కలిసి 276 మందిలో సగం మందికి ఎసిటాలోప్రామ్ మాత్రలు ఇచ్చాయి, సగం మందికి ఎనిమిది వారాల ధ్యానం కోర్సు ఇచ్చాయి. ఈ మాత్ర మీలో కొందరికి తెలిసినదే, మన ఫార్మసీలోనూ ఇస్తారు. ఆందోళన తీవ్రతను కొలిచే కొలబద్ద మీద ధ్యానం వారికి 1.35, మాత్రల వారికి 1.43 తగ్గింది. అంటే దాదాపు ఒకటే. మాత్రలు వాడినవారిలో 100కి 78 మందికి పైగా ఏదో ఒక చిన్న ఇబ్బంది చెప్పారు. ధ్యానం వారిలో 15 మందే చెప్పారు. అయితే 276 మందిలో చివరిదాకా నిలిచినది 208 మంది. రోజూ ముప్పావు గంట కూర్చోవడమంటే పొలం పని, పిల్లలు, వంట ఉన్న ఇంట్లో ఎంతమందికి వీలవుతుంది? మాత్ర మింగడానికి ఒక్క గుటక నీళ్ళు చాలు. ఇది తక్కువ చేసి చెప్పడం కాదు, మా రోగుల బ్రతుకులు చూసి చెబుతున్న మాట.

గొప్పలు, నష్టాలు

పత్రికల్లో సన్యాసుల మెదడు ఫోటోలు చూసే ఉంటారు. 2004లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం ఎనిమిది మంది టిబెట్ సాంప్రదాయపు సాధకుల మెదడులోని విద్యుత్ తరంగాలను కొలిచింది. మామూలు వారిలో కనబడనంత బలమైన తరంగాలు కనబడ్డాయి. నిజమే. కానీ ఆ ఎనిమిది మంది ఒక్కొక్కరు 10,000 నుంచి 50,000 గంటలు ధ్యానం చేసినవారు. రోజుకు ముప్పావు గంట చొప్పున 10,000 గంటలు పూర్తి కావాలంటే 36 ఏళ్ళు పడుతుందని మా స్టాఫ్ నర్సు ఒకామె లెక్కవేసి నవ్వింది. ఎనిమిది వారాల కోర్సుతోనే మెదడు ఆకారం మారుతుందని తరువాత చాలా చోట్ల రాశారు. అదే డేవిడ్‌సన్ ప్రయోగశాల 2022లో 218 మందితో చూసి, అటువంటి మార్పు కనబడలేదని ప్రకటించింది. తమకు ఇష్టమైన విషయం గూర్చే ఇలా చెప్పినందుకు వారిని మెచ్చుకోవాలి.

అదే ఏడు బ్రిటన్‌లో 8,000 మందికి పైగా బడిపిల్లలకు నేర్పి చూశారు. మామూలు పాఠాల కంటే ఏమీ మేలు కనబడలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర అభ్యాసమే చేయలేదు. 2014లో 47 పరీక్షలను కలిపి చూసినవారు, ఆందోళన, దిగులు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గుతాయని, కానీ మందుల కన్నా, వ్యాయామం కన్నా మెరుగని రుజువు లేదని చెప్పారు.

నష్టాల గూర్చి చాలా ఏళ్ళు ఎవరూ అడగలేదు. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో విలోబీ బ్రిటన్, జారెడ్ లిండాల్ అనే ఇద్దరు అడిగారు. 2017లో వారు ప్రచురించిన దానిలో, ధ్యానం చేస్తూ విపరీతమైన భయం, నిద్రలేమి, తాను తానుగా లేనట్టు అనిపించడం, ఎప్పటివో బాధాకరమైన జ్ఞాపకాలు ముంచుకురావడం వంటివి అనుభవించిన సాధకులు మాట్లాడారు. 2020లో 83 అధ్యయనాలు కలిపి చూసినవారు సుమారు 100కి 8 మందిలో ఏదో ఒక ఇబ్బంది కనబడిందన్నారు. అంటే దాదాపు మాటలతో చేసే మానసిక చికిత్సలో కనబడేంత. బెదరిపోనక్కర లేదు గాని, లేదని అనకూడదు. వారానికి ఒక క్లాసు వేరు, పది రోజులపాటు మాటామంతీ లేకుండా రోజుకు పది గంటలు కూర్చోవడం వేరు. తీవ్రమైన మానసిక జబ్బులున్నవారికి ఈ పది రోజుల కోర్సు తగదని విపశ్యన కేంద్రాల నియమావళిలోనే ఉంటుంది. దరఖాస్తులో మందుల సంగతి కూడా అడుగుతారు. అక్కడ దాచిపెట్టవద్దు. చెవిలో మాటలు వినబడేవారు, ఉన్మాదం వచ్చినవారు, ఈమధ్యనే ఘోరమైన దెబ్బ తిన్నవారు తమ డాక్టరును అడగకుండా వెళ్ళకూడదు.

పెద్దావిడ ప్రశ్న

బౌద్ధులది కదా, మనము చేయవచ్చా అన్నది. ఆసుపత్రులలో నేర్పే కోర్సులో విగ్రహం లేదు, మంత్రం లేదు, పూజ లేదు. కబాట్-జిన్ గారు కావాలనే ఏ మతం వారైనా చేసేలా దానిని మలిచారు. అయినా దాని వేరు బౌద్ధంలో ఉందన్నది నిజం, దాచనక్కర లేదు. శీలాన్ని, కరుణను వదిలేసి ఒత్తిడి తగ్గించే మందుగా మాత్రమే చేశారని కొందరు బౌద్ధులే బాధపడుతున్నారు. ఇంకొక దారి కూడా ఉంది. హార్వర్డ్‌లో గుండె డాక్టరు హెర్బర్ట్ బెన్సన్ గారు 1975లో రాసిన పుస్తకంలో, నెమ్మదిగా ఊపిరి తీస్తూ ఒక మాటను మననం చేసుకుంటే శరీరం నెమ్మదిస్తుందని చూపించారు. ఆ మాట ఎవరి విశ్వాసం నుంచి వారు తీసుకోవచ్చన్నారు. మీ మనస్సాక్షికి ఏది సరిపడుతుందో మీ పాస్టరు గారితో మాట్లాడి మీరే నిర్ణయించుకోండి. ఆ విషయంలో ఆజ్ఞలిచ్చే పని మాది కాదు.

కానీ ఒక మాట అనకుండా ఉండలేము, కోపగించుకోవద్దు. ధ్యానం పేరుతో మాత్రలు మానేసినవారిని ఈ ఏడు ఒక్కరినే చూశాము. ప్రార్థన చేయించుకున్నాము, ఇక మాత్రలు విశ్వాసలోపమని మానేసినవారిని ఇన్నేళ్ళ సర్వీసులో లెక్కలేనంతమందిని చూశాము. షుగరు మాత్ర వేసుకుని ప్రార్థన చేసే మనకు మనసు మాత్ర దగ్గరే ఈ సందేహం ఎందుకు వస్తుందో తెలియదు. డిప్రెషన్ తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు, పదే పదే వచ్చినవారు రెండేళ్ళు లేక అంతకన్నా ఎక్కువ మాత్రలు కొనసాగించాలి. ఎప్పుడు, ఎంత తగ్గించాలో రాసిచ్చినవారే చెప్పాలి.

చేసి చూడాలనుకునేవారు, జబ్బు నెమ్మదించాక, కుర్చీలో నడుము నిటారుగా పెట్టి, కళ్ళు సగం తెరిచి, ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. భయం గాని ఏడుపు గాని ముంచుకొస్తే ఆపేసి లేచి నడవండి, అరికాళ్ళు నేలకు తగలడం గమనించండి. కూర్చోలేనివారు నడుస్తూనే చేయవచ్చు. ఇంట్లో ఎవరైనా చచ్చిపోవాలనే మాట అంటే అది ధ్యానానికి వేళ కాదు. వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రాత్రివేళైతే 14416 నంబరుకు ఫోను చేయండి. అది 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి-మానస్. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

టీచరమ్మ పదహారు రోజులు వార్డులో ఉండి ఇంటికి వెళ్ళింది. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. మూడో నెల చెకప్‌లో డాక్టరు గారు ఊపిరి గమనించే అభ్యాసం పది నిమిషాలకు మించకుండా చేసుకోమన్నారు. బడికి వెళ్ళేముందు వరండాలో కూర్చుంటోందట. పెద్దావిడ ఇంకా ఒప్పుకోలేదు గాని, ఆ పది నిమిషాలు తానూ పక్కనే బైబిలు చదువుకుంటూ కూర్చుంటోందని ఆయన నవ్వుతూ చెప్పారు. వచ్చేసారి చెకప్‌కు మాత్రల చీటీ, నిద్ర గంటలు రాసుకునే నోటు పుస్తకం రెండూ మరిచిపోకుండా తెమ్మన్నాము.